‘పెదాలు కదిపితే చాలు’ అనకండి

జులై సగంలోకి వచ్చేసరికి మన బడుల్లో పాటల బృందం కోసం వేట మొదలవుతుంది. ఆగస్టు 15న జెండా వందనం. 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, అంటే తెలుగు భాషా దినోత్సవం. హోసూరయినా, బరంపురమయినా, షోలాపురమయినా పరిస్థితి ఒక్కటే. సంగీతం టీచరు ఉన్న బడులు బహు తక్కువ. ఆ పని తెలుగు పంతులమ్మ మీదో, కాస్త గొంతున్న లెక్కల మాస్టారి మీదో పడుతుంది. పాట వాళ్ళకు వచ్చే ఉంటుంది. ముప్పై మంది చేత ఒక్క గొంతుగా పాడించడం మాత్రం వేరే విద్య. దానికి రాగజ్ఞానం కంటే మాటతీరు, చూపు, ఓపిక ఎక్కువ కావాలి.

మొదట మానుకోవాల్సింది పిల్లలతో పాటు మనమూ గట్టిగా పాడటం. పాట వచ్చేదాకా పాడి వినిపించాలి, సరే. వచ్చాక ఊరుకుని వినాలి. మన గొంతు మోగుతున్నంతసేపూ ఎవరు ఎక్కడ జారుతున్నారో చెవికి అందదు. పిల్లలూ మన గొంతునే పట్టుకుని నడుస్తారు. వేదిక మీద అది వినబడకపోయేసరికి పాట చతికిలబడుతుంది.

ఊళ్ళో కోలాటం నేర్పే గురువును గమనించండి. అడుగు మార్చాలంటే ఈల వేస్తాడు, లేదంటే ఒక్క కేక. ఉపన్యాసం ఇవ్వడు. మనకూ మూడు సైగలు చాలు: ఎత్తుకోండి, తగ్గించండి, ఆపండి. ఎత్తుగడకు ముందు చేత్తో ఒక లెక్క చూపించి, పిల్లలకు కనబడేలా మనమే ఊపిరి పీల్చాలి. మనతో పాటు వాళ్ళూ పీలుస్తారు, అందరూ ఒక్కసారే అందుకుంటారు. ఆ క్షణాన మన కళ్ళు పిల్లల మీద ఉండాలి, చేతిలోని కాగితం మీద కాదు. ఆపి చెప్పవలసి వస్తే ఒకసారికి ఒక్క సంగతే. “రెండో చరణం బాగాలేదు” అంటే పిల్లలకు ఏం బోధపడుతుంది? “మూడో పాదం మధ్యలో ఊపిరి తెగుతోంది, పాదం అయ్యాకే ఊపిరి తీసుకోండి” అంటే వెంటనే చేసి చూపిస్తారు.

మన పట్టు ఎలా ఉందో తెలుసుకోవడానికి అసెంబ్లీలోనే ఒక పరీక్ష ఉంది. జాతీయ గీతం పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లు పట్టాలి. ఒకరోజు పిల్లలకు చెప్పకుండా లెక్క చూడండి. 65 దాటితే కాలం సాగుతోందన్నమాట. ఒకరి కోసం ఒకరు ఆగుతున్నారు, నడిపించేవారు లేరు. అన్నట్టు, ఆ గీతానికి తెలుగు నేలతో చుట్టరికం ఉంది. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని అక్కడ పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో పట్టభద్రురాలు. ఆ వరసకు ఆమె స్వరలిపి రాశారు. అది తమ ఇంటి భాష కాని పిల్లలు కూడా అలా ఆ పాట అందుకున్నారు.

మన బడుల్లో చిక్కు మరో రకం. పాట తెలుగే, ఇంట్లో మాటా తెలుగే, కానీ కొందరికి అక్షరాలు గట్టిగా రావు. తమిళనాడు పిల్లలు సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం, ‘ప’కూ ‘బ’కూ ఒకటే. కాగితం చూసి పాడితే మాట మారిపోతుంది. అందుకే మొదటి రెండు రోజులు వరస జోలికి పోకుండా, తాళం వేస్తూ మాటలు మాత్రమే పలికించాలి. అర్థం చెప్పాలి. యాస విని నవ్వే పిల్లలుంటే అక్కడికక్కడే ఆపాలి. ఇంటి తెలుగు తప్పు తెలుగు కాదు.

ఇక అసలు సంగతి. శ్రుతి కలవని పిల్లవాణ్ణి ఏం చేయాలి? చాలాచోట్ల జరిగేది తెలిసిందే: “నువ్వు పెదాలు కదిపితే చాలు, గొంతు ఎత్తకు.” మనవణ్ణి మా బడిలో చేర్పించడానికి వచ్చిన ఒక పెద్దాయన ఈ మాట చెప్పారు. అయిదో తరగతిలో ఆయనతో ఎవరో అన్నారట. గుడిలో భజన జరిగితే ఇప్పటికీ తాళం వేస్తారే తప్ప నోరు తెరవరు.

శ్రుతి కలవకపోవడానికి చాలా వరకు కారణాలు మామూలువే. మాస్టారు తన గొంతుకు అనువైన శ్రుతి ఇస్తారు, అది పిల్లలకు అందదు. పాటలో అన్నిటికన్నా పై స్వరాన్నీ, కింది స్వరాన్నీ పిల్లల చేతే పాడించి చూసి శ్రుతి నిర్ణయించాలి. పన్నెండు, పదమూడేళ్ళ మగపిల్లల గొంతు మారే వయసు. పోయినేడు హాయిగా పాడినవాడు ఈ ఏడు పగిలిన గొంతుతో సిగ్గుపడి వెనక్కి పోతాడు. ఇది అందరికీ వచ్చేదే నాయనా అని విడిగా చెప్పి, కింది స్థాయిలో పాడమనాలి. కొందరికి పక్కవారి గొంతు విని కలుపుకోవడం అలవాటు లేదు. అలాంటివాడు ఏ స్వరం పడుతున్నాడో ముందు మనం ఆ స్వరానికే వెళ్ళి కలవాలి. కలిసినట్టు వాడికి తెలిశాక, ఇద్దరం మెల్లగా పైకి రావచ్చు. తర్వాత గొంతు నిలకడగా ఉన్న ఇద్దరి మధ్య నిలబెట్టండి. అందరి ముందు పేరు పెట్టి దిద్దొద్దు. “ఎడమవైపు వరస ఒకసారి” అంటే సరిపోతుంది.

కొన్ని పనులు పిల్లలకే అప్పగించాలి. శ్రుతి పెట్టె ఒకరు, తాళం ఒకరు, చిన్నవాళ్ళకు మాటలు వల్లె వేయించడం ఒకరు. అందరికన్నా బాగా పాడేవారే నాయకులు కానక్కర్లేదు. తోటి పిల్లలు ఎవరి మాట వింటారో వారికి ఇవ్వండి. ఒక పాట ఎంచుకునే హక్కు కూడా వాళ్ళదే.

హెడ్మాస్టరుగారిని చివరి వారంలో రెండు గంటలు అడిగేకన్నా, ఇప్పటినుంచీ వారానికి మూడు రోజులు ఇరవై నిమిషాలు అడగండి. లెక్కల పీరియడ్ పోదని రాసి ఇస్తే ఆయన ఒప్పుకుంటారు, తల్లిదండ్రులూ నిమ్మళిస్తారు. తల్లిదండ్రులకు ఒక విన్నపం: “మావాణ్ణి ముందు వరసలో పెట్టండి” అని అడగకండి. అంతకన్నా, నానమ్మకు వచ్చిన ఉయ్యాల పాటో మేలుకొలుపో ఉంటే ఫోన్‌లో రికార్డు చేసి పంపండి, మాకు పాటల కరువే ఎక్కువ.

మైకు సంగతి ముందురోజే చూసుకోవాలి. ఒక్క మైకు ఇచ్చి, దాని ముందు బాగా పాడే ఇద్దరిని నిలబెడితే ఊరికి వినపడేది ఆ ఇద్దరే. మైకు స్టాండును బృందానికి నాలుగైదు అడుగుల ముందు, పిల్లల తలల ఎత్తుకు పెట్టించండి. ఒక పల్లవి పాడించి, చివరి వరస గొంతు కూడా వస్తోందో లేదో మైదానం చివర నిలబడి మీరే వినండి.