పురుగు తినే బాక్టీరియా, పురుగు బతికే రోజులు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉండే తెలుగువాళ్లకు ఢిల్లీలోని జేఎన్‌యూ బాగా తెలుసు. దాని పక్కనే ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ పేరు మాత్రం అంతగా వినబడదు. అక్కడ అర్ణబ్ ముఖోపాధ్యాయ్ బృందం చేసిన పని మన తిండి చర్చలన్నిటికంటే లోతైనదని నా నమ్మకం. తిండిలో తేడాలున్నా ప్రాణి ఆయుష్షు నిలకడగా ఎలా ఉంటుందన్నది వాళ్ల ప్రశ్న.

దానికోసం వాళ్లు ఎంచుకున్నది సీనోరాబ్డైటిస్ ఎలిగెన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగును. ఇది ఏలికపాముకు దూరపు చుట్టమే అయినా ఎవరికీ హాని చెయ్యదు. కుళ్లుతున్న పండ్లు, ఆకుల్లో బాక్టీరియాను తిని బతుకుతుంది. గుడ్డులోంచి వచ్చిన మూడు రోజులకు తానే గుడ్లు పెడుతుంది, రెండు మూడు వారాల్లో చనిపోతుంది. 1960లలో సిడ్నీ బ్రెన్నర్ కేంబ్రిడ్జిలో దీన్ని పరిశోధనకు తెచ్చాడు. అప్పటి నుంచి ప్రయోగశాలల్లో దీనికి మామూలు భోజనం ఇ. కొలై బాక్టీరియాలో ఓపీ50 అనే రకం.

అమెరికాలో మారియన్ వాల్‌హౌట్ బృందం ఈ భోజనం మార్చి చూసింది. కోమమోనాస్ అనే బాక్టీరియా పెడితే పురుగు త్వరగా ఎదిగింది, గుడ్లు తక్కువ పెట్టింది, ముందే చనిపోయింది. అది బలమైన తిండి కావడం వల్లనేమో అనిపిస్తుంది. కానీ ఇ. కొలైలో కోమమోనాస్‌ను కాస్తంత కలిపినా ఎదుగుదల వేగం పెరిగింది. అంటే కారణం క్యాలరీలు కావు. 2014లో అసలు సంగతి తేలింది: ఎదుగుదలను తొందరపెట్టేది బి12 విటమిన్. కోమమోనాస్ దాన్ని తయారుచేస్తుంది, ఇ. కొలై సొంతంగా తయారుచేసుకోలేదు. అయితే ఆయుష్షు తగ్గడానికి బి12 కారణం కాదు. ఎదుగుదల, ఆయుష్షు వేరువేరు దారుల్లో నడుస్తాయన్నమాట.

ఢిల్లీ బృందం కథను ఇక్కడి నుంచి ముందుకు తీసుకెళ్లింది. హెచ్‌టీ115 అనే మరో ఇ. కొలై రకంలో బయటి నుంచి చేరే బి12 ఎక్కువ. మామూలు పురుగు ఓపీ50 తిన్నా, హెచ్‌టీ115 తిన్నా దాదాపు ఒకే ఆయుష్షు. ఎఫ్‌ఎల్‌ఆర్-4 అనే జన్యువు చెడిన పురుగు మాత్రం హెచ్‌టీ115 తింటే ఎక్కువ రోజులు బతుకుతుంది. ఓపీ50కే బి12 కలిపి పెట్టినా దాని ఆయుష్షు పెరిగింది. 2022లో ఏజింగ్ సెల్ పత్రికలో వచ్చిన వివరణ ఇది. జన్యువు చెడిన పురుగులో ఎక్కువైన బి12 మెథియోనిన్ అనే అమైనో ఆమ్లపు చక్రాన్ని వేగంగా తిప్పుతుంది, ఒక కొవ్వు పదార్థం తయారీ తగ్గుతుంది. దాంతో ఒంట్లో రక్షణ జన్యువులు మేల్కొంటాయి. మామూలు పురుగులో ఎఫ్‌ఎల్‌ఆర్-4 ఈ వరసను ఆపి ఉంచుతుంది. ఏ రోజు ఏ బాక్టీరియా దొరుకుతుందో తెలియని జీవికి ఈ నిలకడ అవసరమేనని నాకనిపిస్తుంది.

ఈ మెథియోనిన్ చక్రంలో బి12కు తోడు పనిచేసేది ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లే కంపెనీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఫోలిక్ ఆమ్లం కథ షుగరు మందు దాకా వెళ్లింది. మెట్‌ఫార్మిన్ అనే ఆ మందు ఇస్తే ఈ పురుగులు ఎక్కువ కాలం బతుకుతాయి. కారణం 2013లో లండన్ పరిశోధకులు చెప్పారు: ఆ మందు పురుగు తినే బాక్టీరియాలో ఫోలేటు (ఫోలిక్ ఆమ్లపు రూపం), మెథియోనిన్ నడకను దెబ్బతీస్తుంది. బాక్టీరియా లేకుండా పెంచిన పురుగుకు అదే మందు ఇస్తే ఆయుష్షు తగ్గింది.