కచేరీలో పెరిగే పాట

ఇంగ్లండులో 1960ల చివర రాక్ సంగీతం నుంచి చీలిన ఒక పాయను ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మూడు నాలుగు నిమిషాల్లో ముగిసే పాట చట్రాన్ని వదిలి, పది ఇరవై నిమిషాల దాకా సాగే నిర్మాణాలను, నడుమ నడుమ మారే తాళాలను, జాజ్ నుంచీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ తెచ్చుకున్న పోకడలను ఈ బాణీ ఒకచోట కూర్చింది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పల్లెల్లో రాత్రంతా కూర్చుని బీరప్ప కథో మల్లన్న కథో విన్నవారికి ఇంత నిడివి వింతగా తోచదు. ఒగ్గు కథకుడు కూడా ఎదుటి జనం ఊపును బట్టి ఒక ఘట్టాన్ని సాగదీస్తాడు, మరొకదాన్ని రెండు మాటల్లో దాటేస్తాడు, డోలు దెబ్బ మారగానే కథ నడకా మారిపోతుంది. అదే కథ మరుసటి రాత్రి అదే కొలతలో రాదు.

ప్రోగ్రెసివ్ రాక్‌కూ ఇలా ప్రదర్శనకో రూపం తీసుకునే గుణం ఉంది, దాని వల్లనే అందులో కచేరీ రికార్డుకు ప్రత్యేక స్థానం ఏర్పడింది. స్టూడియో ఆల్బమ్‌లో ఒక్కొక్క వాద్యాన్ని విడిగా నమోదు చేసి, తప్పులు దిద్ది, తరువాత కలపవచ్చు. వేదిక మీద పుట్టిన సంగీతానికి ఆ వెసులుబాటు లేదు. 1969లో తొలి ఆల్బమ్ తెచ్చిన కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లీషు బృందం 1972లో 'ఎర్త్‌బౌండ్' పేరుతో విడుదల చేసిన కచేరీ రికార్డును మామూలు క్యాసెట్ మీద పట్టారు. ధ్వని బొంగురుగా, గరగరలాడుతూ ఉన్నా అందులోని ఆవేశం స్టూడియోలో దొరికేది కాదు. 1974 నాటి 'స్టార్‌లెస్ అండ్ బైబుల్ బ్లాక్' ఆల్బమ్ విషయంలో ఆ బృందం మరో పద్ధతి పట్టి, చాలా భాగాన్ని కచేరీల నుంచే తీసుకుని, శ్రోతల చప్పట్లను మాత్రం తుడిచివేసింది.

తెలుగు పాఠకుడికి ఈ చరిత్రతో దగ్గరి చుట్టరికం బెంగళూరులో కనిపిస్తుంది. అక్కడ 2003లో మొదలైన అగం బృందం కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో జోడించింది. గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ వయొలిన్ కూడా వాయిస్తారు. స్వామి సీతారామన్ కీబోర్డు, ప్రవీణ్ కుమార్ గిటారు బృందానికి రూపునిచ్చిన వాద్యాలు. 2007లో ఎ.ఆర్. రెహమాన్ న్యాయనిర్ణేతగా ఉన్న 'ఊ లలలా' అనే తమిళ టెలివిజన్ పోటీలో గెలిచాక బృందం పేరు బయటికి వచ్చింది. తొలి ఆల్బమ్ 2012లో, రెండోది 2017లో వెలువడ్డాయి. సభ్యుల మాతృభాషలు ఏవైనా, వారి పాటల్లో ఎక్కువ మందికి తెలిసినవాటిలో కొన్నింటి భాష తెలుగు, ఎందుకంటే అవి త్యాగరాజ కీర్తనలు.

తొలి ఆల్బమ్‌లోని 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' నిజానికి 'బంటురీతి కొలువు' కీర్తనే. రాగం హంసనాదం కావడంతో ఆ ఇంగ్లీషు పేరులో హంసలు చేరాయి. రాముడి కొలువులో బంటు ఉద్యోగం ఇప్పించమని త్యాగరాజు పెట్టుకున్న అర్జీ ఇది. పులకరింతను కవచంగా, భక్తుడన్న పేరును బిళ్లగా, నామాన్ని కత్తిగా ధరించిన భటుడి రూపం ఇందులో ఉంది. భక్తి కీర్తనకు డ్రమ్ముల మోత ఏమిటని నొసలు చిట్లించేవారు ఈ సైనిక వేషాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. రెండో ఆల్బమ్‌లోని 'మిస్ట్ ఆఫ్ క్యాప్రికార్న్' నళినకాంతి రాగంలోని 'మనవ్యాలకించ' కీర్తనకు రూపాంతరం. మనవి, ఆలకించ అనే రెండు మాటలు యణాదేశ సంధితో కలిసిన ఆ తొలి పదాన్ని ఎక్కడ విరవాలన్నది పాడేవారికి ఎప్పుడూ పరీక్షే.

రెండు సంప్రదాయాలు ఒరుసుకునే చోటు గమకం, అంటే ఒక స్వరాన్ని నిలిపి ఉంచకుండా పక్క స్వరాల వైపు ఊపి పలికించడం. వయొలిన్ మెడ నున్నగా ఉంటుంది కనుక వేలు జారిస్తే గమకం వస్తుంది. గిటారు మెడ మీద లోహపు మెట్లుంటాయి. ఎడమచేతి వేలితో తీగను పక్కకు లాగి, బిగువు పెంచి, మెట్ల నడుమ దాగిన స్వరస్థానాలను రాబట్టాలి. బిగువు కాస్త ఎక్కువైనా రాగం మొహం మారిపోతుంది. తాళంలో మాత్రం రాజీ సులువుగా కుదిరింది: ఇలాంటి కీర్తనల్లో తాళం మొదలైన కొంతసేపటికి పాట ఎత్తుకునే పద్ధతి ఉంది, దీన్ని అనాగత ఎత్తుగడ అంటారు, బలమైన దెబ్బను తప్పించి పదాన్ని నిలపడం రాక్ వాద్యకారులకూ ఇష్టమైన ఆటే.

కేరళకు చెందిన కప్ప టీవీ 'మ్యూజిక్ మోజో' కార్యక్రమం కోసం అగం వాయించిన రికార్డులను ఆల్బమ్ రూపాలతో పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది. ఆల్బమ్‌లో పొరలు దట్టంగా ఉండి సాహిత్యం అక్కడక్కడ వాద్యాల కింద నలుగుతుంది. ప్రత్యక్ష ప్రదర్శనలో గొంతుకు చోటు దొరికి మాట తేటగా వినిపిస్తుంది. కర్ణాటక విద్వాంసులు మనోధర్మం అనేది, అంటే అప్పటికప్పుడు అల్లే ఆలాపన, నెరవు, స్వరకల్పన, కచేరీ సొత్తు. పాత కచేరీ టేపుల కోసం రసికులు వెతుక్కునేది అందుకే. ఆ టేపుల్లో స్వరాల వరస తిరిగి తిరిగి సరిగ్గా ఎత్తుగడ మీద వాలిన క్షణాన ముందు వరసలో ఎవరో అన్న 'శభాష్' కూడా నమోదై ఉంటుంది. కింగ్ క్రిమ్సన్ చెరిపేసిన చప్పట్లలాంటిదే అది. అయితే తాళం లెక్క తెలియని శ్రోతకు పాట ఎక్కడికి చేరిందో చెప్పేది చాలాసార్లు ఆ ఒక్క కేకే.