యూజ్డ్ కార్ షోరూమ్‌లో బెల్ మోగాల్సింది ఎక్కడ?

మా ఆఫీసులో ఎవరు సెకండ్ హ్యాండ్ కారు కొనాలన్నా శనివారం పొద్దున్నే నాకు ఫోన్ వస్తుంది. నేను మెకానిక్‌ని కాదు. కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తా కాబట్టి కారులో కూడా వెతుకుతాననే నమ్మకం వాళ్లది. అలా మూడేళ్లుగా హైదరాబాద్‌లో చాలా యూజ్డ్ కార్ షోరూమ్‌లు తిరిగా. తిరిగి తిరిగి అర్థమైంది ఏంటంటే, పాత కారన్నాక ఏదో ఒక లోపం ఉంటుంది. దానికి బేరం ఆడొచ్చు, రిపేరు చేయించుకోవచ్చు. కానీ అమ్మేవాడు మిమ్మల్ని చూడనివ్వట్లేదంటే, కాగితం అడిగితే నీళ్లు నములుతున్నాడంటే, దానికి రిపేరు లేదు. అందుకే నేను వెళ్లగానే కారు కంటే ముందు షాపుని చూస్తా.

మొదటి బెల్ ఫోన్‌లోనే మోగుతుంది. యాప్‌లో 4 లక్షల 90 వేలు అని ఉంటుంది. తీరా వెళ్తే 'అది నిన్ననే పోయింది అన్నా, దానికంటే మంచిది ఇంకోటి ఉంది' అంటారు. ఇంకోటి ఎప్పుడూ ఖరీదైనదే! బయల్దేరే ముందే బండి నంబరు, ఆర్‌సీ ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. నంబరు కూడా దాచి 'ముందు రండి సార్, మాట్లాడుకుందాం' అనే చోటికి పెట్రోలు ఖర్చు దండగ.

రేటు కుదిరాక ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్, ప్రాసెసింగ్, వారంటీ అంటూ ఒక్కోటి అతుక్కుంటూ వస్తాయి. చివర్లో 'జీఎస్టీ 18 శాతం' అన్నారనుకోండి, అక్కడ ఆగండి. 2025 నుంచి పాత కార్ల మీద రేటు 18 శాతమే, నిజమే. కానీ సాధారణంగా అది పడేది డీలర్ లాభం మీద. 4 లక్షలకు కొని 4 లక్షల 60 వేలకు అమ్మితే, పన్ను ఆ 60 వేల మీదే, అంటే 10,800. మొత్తం ధర మీద 18 శాతం వేసి చూపిస్తే లెక్క రాకైనా చేసి ఉండాలి, మీకు రాదనైనా అనుకుని ఉండాలి.

ఇంజిన్ ముందే వేడిగా ఉంటే...

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. వెనక పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. స్టార్ట్ చేయగానే కొద్దిగా తెల్ల ఆవిరి మామూలే, ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందేమోనని అనుమానించాలి. 'మధ్యాహ్నం మళ్లీ వస్తాం, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి' అని చెప్పి టీ తాగడానికి వెళ్లిపోండి. నేను ఇలా రెండుసార్లు చేశా. ఒక షాపులో నవ్వి ఊరుకున్నారు. ఇంకో షాపులో మేం తిరిగొచ్చేసరికి బానెట్ మళ్లీ వెచ్చగా ఉంది.

కిలోమీటర్ల సంగతికొస్తే, డిజిటల్ మీటరు వెనక్కి తిప్పడం కష్టమనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. లాప్‌టాప్, ఒక కేబుల్ ఉంటే చాలు. అందుకే మీటరు కన్నా వస్తువుల్ని నమ్మండి. మీటరు మీద 28 వేలు, కానీ బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా, స్టీరింగ్ పైభాగం మెరుస్తూ కనిపిస్తుందా? టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. 2019 బండికి 28 వేలే తిరిగితే అవే టైర్లు ఉండాలి. నాలుగూ 2024వి అయితే పాతవి ఎందుకు మార్చారో అడగండి. పాతబడి గట్టిపడ్డాయని మార్చి ఉండొచ్చు, కాదనను. ఆ మాట వాళ్లు సర్వీస్ రికార్డుతో చెప్పాలి. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఎప్పుడెప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీస్ అయిందో ఉంటుంది. ఆ హిస్టరీ తీయించి ఇవ్వమంటే 'ఓనర్ బయట మెకానిక్ దగ్గర చేయించాడు' అని ప్రతి కారుకీ ఒకటే కథ చెబుతున్నారంటే నమ్మడం కష్టం.

ఇక నాకిష్టమైన పార్టు. స్టీరింగ్ కింద ఓబీడీ అనే సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్లో తక్కువ రేటుకే దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. అందరూ దాంతో ఎర్రర్ కోడ్‌లు చూసి, ఏమీ లేవని సంతోషపడతారు. నేను మొదట చూసేది ఇంకో నంబరు: కోడ్‌లు చెరిపేశాక బండి ఎంత దూరం తిరిగింది అన్నది. చాలా కార్లు ఇది చెబుతాయి. ఒక డీజిల్ కారుకి అది 9 కిలోమీటర్లు చూపించింది. అంటే డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలగట్లేదంటే సమస్య లేక కాదు, ఈ మధ్యే ఎవరో చెరిపేశారు కాబట్టి. బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని కార్లలో ఇవి చెరిగిపోతాయి, కాబట్టి వెంటనే దొంగ అనేయకండి. కారణం అడగండి. లాంగ్ డ్రైవ్ అడగండి. పెట్రోల్ బంకు దాకా వెళ్లి యూటర్న్ కొట్టే టెస్ట్ డ్రైవ్‌లో ఏసీ చల్లదనం తప్ప ఏమీ తెలీదు. ఔటర్ సర్వీస్ రోడ్డు ఎక్కి అరగంట తిరిగితే క్లచ్, సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్నీ మాట్లాడతాయి.

నీళ్లలో మునిగిన బళ్లు

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2023 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సెల్లార్లలో, రోడ్ల మీద కార్లు మునగడం మనందరం వీడియోల్లో చూశాం. ఆ కార్లన్నీ ఎక్కడికి పోయాయి? రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ సాధారణంగా టోటల్ లాస్ కింద ఓనర్‌కి డబ్బిచ్చేస్తుంది. బండి స్క్రాప్ వేలానికి పోతుంది. అక్కడ కొన్నవాళ్లలో కొందరు విడిభాగాలకు వాడతారు, కొందరు మసిపూసి మారేడుకాయ చేసి మళ్లీ మార్కెట్లోకి తెస్తారు.

కొత్త సీట్ కవర్లు, గుప్పుమనే పెర్ఫ్యూమ్ ఉంటే ముక్కు కాస్త ఎక్కువ వాడండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. మామూలుగా బయటికి రాని ఆ చివరి భాగంలో బురద చార ఉండిపోతుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, లైట్ల లోపల నీటి చెమ్మ చూడండి. మ్యాట్ ఎత్తి కింద కార్పెట్ నొక్కి చూడండి. మునిగిన బండి ఇవాళ బాగానే నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లు మెల్లగా తుప్పు పడతాయి, ఆరు నెలలయ్యాక ఒకరోజు ఏసీ, ఇంకోరోజు పవర్ విండో అంటూ మొదలవుతుంది.

యాక్సిడెంట్ బండిని పట్టడం కొంచెం తేలిక. డోరు రబ్బరు బీడింగ్ లాగి కింద కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరుసగా ఉన్నాయా చూడండి. బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందంటే ఎవరో విప్పారు. అద్దాల మీద తయారీ కోడ్ ఉంటుంది, ఒక్కటి మాత్రం వేరే ఏడాదిది అయితే అది మార్చిన అద్దం. బంపర్‌కి గీత పడి పెయింట్ వేయించడం మన ఊళ్లో వింత కాదు, దానికి కారు వదులుకోనక్కర్లేదు.

అసలు కథ కాగితాల్లో ఉంది

మా టీమ్‌లో నల్గొండ నుంచి వచ్చిన ఒక తమ్ముడు పోయిన ఏడాది 5 లక్షల 60 వేలకు ఒక హ్యాచ్‌బ్యాక్ మాట్లాడుకున్నాడు. అందులో 3 లక్షలు వాళ్ల నాన్న రిటైర్మెంట్ డబ్బు. కారు నేనే చూశా, నిజంగా బాగుంది. నాకు బెల్ మోగింది ఫోన్‌లో వాహన వివరాలు తీసినప్పుడు. ఓనర్ వేరే ఎవరో, పైగా ఒక ఫైనాన్స్ కంపెనీ పేరుతో హైపోథికేషన్ ఇంకా ఉంది. 'లోన్ క్లోజ్ అయింది అన్నా, ఎన్‌ఓసీ వచ్చే వారం వస్తది. మీరు పేమెంట్ చేసి బండి తీస్కపోండి, ఆర్‌సీ నెల రోజుల్ల ఇంటికొస్తది' అన్నాడు షోరూమ్ అతను.

డబ్బు మొత్తం కట్టేశాక ఆ ఎన్‌ఓసీ రాకపోతే? ఆ పాత లోన్‌లో బాకీ ఉంటే ఫైనాన్స్ వాళ్లు బండి కోసం వస్తారు. వాళ్ల దృష్టిలో అది మీ బండి కాదు. ఆర్‌సీ మీ పేరుకి మారాలంటే ఫారం 29, 30తో పాటు, లోన్ తీరిందని ఫైనాన్స్ వాళ్ల సంతకంతో ఫారం 35, ఎన్‌ఓసీ ఉండాలి. బీమాకీ ఇదే చిక్కు. బండి చేతులు మారాక 14 రోజుల్లో పాలసీ మీ పేరుకి మార్చమని అడగాలి, లేకపోతే మీ బండి డ్యామేజీ క్లెయిమ్ దగ్గర గొడవే. 'నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది' అని ఊరించినా నమ్మకండి, ఆ బోనస్ పాత ఓనర్‌ది, కారుతో పాటు రాదు.

ఇంకో ప్రశ్న అడిగాం. '29బీ ఉందా?' అని. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్ రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్టే ఫారం 29బీ. ఓనర్ తన బండిని డీలర్‌కి అప్పగించినప్పుడు ఫారం 29సీతో తెలియజేయాలి. అప్పట్నుంచి అమ్ముడయ్యేదాకా బాధ్యత డీలర్‌దే. టెస్ట్ డ్రైవ్‌లతో సహా బండి ఎక్కడికెళ్లిందీ రిజిస్టర్‌లో రాయాలి కూడా. మేం అడిగితే అతను 'అవన్నీ ఎవరూ అడగరు అన్నా' అన్నాడు. అప్పటిదాకా 'అన్నా, అన్నా' అన్న మనిషి గొంతు అక్కడే మారింది. 'సాయంత్రం ఇంకో పార్టీ వస్తుండు, మీ ఇష్టం.'

తమ్ముడు ముందే 20 వేలు టోకెన్ ఇచ్చాడు. ఇచ్చేటప్పుడే రసీదు మీద 'ఆర్‌సీ, ఎన్‌ఓసీ సరిగా లేకపోతే మొత్తం వాపస్' అని పెన్నుతో రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఆ ఒక్క లైను లేకపోతే కింద చిన్న అక్షరాల్లో అచ్చయిన 'నాన్ రిఫండబుల్' మాటే చెల్లేది. రెండు వారాలు చూశాం, ఎన్‌ఓసీ రాలేదు. టోకెన్ వెనక్కి రావడానికి 19 రోజులు పట్టింది. ఆ తర్వాత రెండు నెలలకు కూడా అదే కారు అదే షోరూమ్‌లో, యాప్‌లో రేటు 15 వేలు తగ్గి కనిపించింది. సాయంత్రం వస్తానన్న పార్టీ ఇంకా దారిలోనే ఉన్నట్టున్నాడు.

పక్క రాష్ట్రాల బళ్లతో ఇంకాస్త జాగ్రత్త. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఆంక్షలుండటంతో అక్కడ రేటు పడిపోయి ఇటు వస్తుంటాయి. చూడ్డానికి చవకే. కానీ అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు అన్నీ కలిపితే చవక ఎంత మిగులుతుందో లెక్కేయండి. ఆ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. పెండింగ్ చలాన్లు కూడా అప్పుడే చూసేయండి, రెండు నిమిషాల పని.

'200 పాయింట్ల చెకింగ్, ఏడాది వారంటీ' అని అద్దం మీద స్టిక్కర్ ఉంటే, ఆ 200 పాయింట్ల రిపోర్టు ఇవ్వమనండి. వారంటీ కాగితం మొత్తం చదవండి. చాలావాటిలో ఇంజిన్, గేర్‌బాక్స్ లోపలి భాగాలకే వర్తిస్తుంది. క్లచ్, బ్యాటరీ, సస్పెన్షన్, ఏసీ అన్నీ 'అరుగుదల' కిందకి నెట్టేస్తారు. పాత కారులో పోయేవి కూడా సరిగ్గా అవే.

మీ మెకానిక్‌ని తీసుకొస్తామంటే ఒప్పుకునే షాపులు హైదరాబాద్‌లోనే చాలా ఉన్నాయి. ఒక చోట అయితే వాళ్లే లిఫ్ట్ మీద బండి ఎక్కించి కింద చూసుకోమన్నారు. సైలెన్సర్ తుప్పు పట్టిందని వాళ్లే చెప్పి 8 వేలు తగ్గించారు. మా కొలీగ్ ఆ కారే కొన్నాడు.

కొన్నాక తేడా వస్తే 1915 నంబరుకి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ కావాల్సింది రుజువు. అందుకే కారు చూడ్డానికి బయల్దేరే ముందే యాప్‌లో యాడ్ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బండి అమ్ముడవగానే ఆ యాడ్ మాయమవుతుంది, అందులో రాసిన కిలోమీటర్లు, 'నాన్ యాక్సిడెంట్' అన్న మాట కూడా దాంతోపాటే పోతాయి.