కానుక అడిగే ముందు, ఇచ్చే ముందు

అమెరికాలో చదువుతున్న మన సంఘాల పిల్లలు కొందరు సెలవుల్లో కోస్టారికాకు సేవాయాత్ర వెళ్తామని కానుకలు అడుగుతున్నారు. కరపత్రంలో తాబేళ్ల సంరక్షణ, పకువారే నదిలో రాఫ్టింగ్ పక్కపక్కనే ఉంటాయి. ఇది సేవా, విహారమా అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. రెండూను. ఏది ఎంత అన్నదే చూడాలి.

టోర్టుగేరో తీరానికి జూలై నుండి అక్టోబరు వరకు పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లు. పొదగడానికి దాదాపు రెండు నెలలు. వాలంటీర్లు ముదురు బట్టలతో, ఎర్ర దీపంతో, గంటల తరబడి చీకట్లో ఇసుక మీద నడవాలి. తెల్లని వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోవచ్చు. అంటే ఫోటోలు కుదరవు! నైపుణ్యం కంటే ఓపిక అడిగే పని గనుక విద్యార్థులకు తగినదే.

యాత్రలో అనాథాశ్రమ సందర్శన ఉంటే మాత్రం కానుక ఇవ్వకండి. కంబోడియా వంటి చోట్ల ఆశ్రమాల్లోని పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బ్రతికే ఉన్నారు. సందర్శకుల సొమ్ము కోసం పేద ఇళ్ల నుండి పిల్లలను తెచ్చిన ఆశ్రమాలూ ఉన్నాయి.

ఎన్ని రాత్రులు తీరంలో, ఎన్ని పగళ్లు నదిలో అని లెక్క అడగండి. నది ఖర్చు కుటుంబానిది, కానుక సంచిది కాదు.