ముగ్గుల పోటీల మొదటి బహుమతి ఎట్ల ఇయ్యాలె?



సంక్రాంతి వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్ని దిక్కుల ముగ్గుల పోటీలే. సెలవులకు ముందు మన హాస్టల్ల కూడా పెడతరు. పొద్దున ముగ్గు, సాయంత్రం బహుమతులు. ముగ్గు ఎట్ల వెయ్యాలో అందరికీ తెలుసు. బహుమతి ఎట్ల ఇయ్యాలో ఎవ్వరూ చెప్పరు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముగ్గు అంటే ఆరుబయట వేసే బొమ్మ. వేరే దేశాలల్ల చిత్రకారులు చెరువు గట్టుకో, పొలం కాడికో పోయి, ఎదురుగా ఉన్నది చూసి అక్కడ్నే బొమ్మ వేస్తరు. అందుకు పండుగలు పెట్టి, చివరి సాయంత్రం బహుమతులు ఇస్తరు. పూర్వం రంగులను పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచిల కట్టి దాచేవారట. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగును తగరపు గొట్టంల నింపే పద్ధతి కనిపెట్టిండు. అప్పటి నుంచి రంగులు చేత పట్టుకొని బయటికి పోవుడు సులువైంది.

మన దగ్గర ఆరుబయట బొమ్మలు అంతకంటే చాలా పాతవి. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలు ఉన్నవి. అక్కడి రాతి బొమ్మలు 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చినవి. అడవిదున్న, జింక, పులి, విల్లు, బాణం బొమ్మలు ఉన్నవి. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు కనబడతవి. కొన్ని వేల ఏండ్ల కిందటివి. వేసినోళ్ల పేరు మాత్రం ఏ రాయి మీదా లేదు.

ములుగు జిల్లాల ఉన్న మేడారం సంగతి చూడండి. జాతరకు రెండు వారాల ముందు గుడిమెలిగె పండుగ చేస్తరు. ఆడపడుచులు సమ్మక్క గుడిని అలికి ముగ్గులు పెడతరు. ఆ ముగ్గుకు ఎవ్వరూ మార్కులు వెయ్యరు. మన ఇండ్లల్ల కూడా అవ్వలు గోడకు ఎర్రమట్టి పూసి సున్నంతో గీతలు తీస్తరు. అందరూ చూస్తరు గాని అది గొప్ప పని అని ఎవ్వరూ అనరు. పోటీ పెట్టినప్పుడే మనకు మార్కుల సంగతి వస్తది.

ఇప్పుడు లెక్క చూద్దాం. పోటీల ఒక్కొక్కరికి 8 అడుగుల గడి ఇచ్చిండ్రు అనుకోండి. చుక్కకూ చుక్కకూ రెండు బెత్తెలు, అంటే సుమారు అర అడుగు వదలాలి. 15 చుక్కల వరుసకు మధ్యల 14 సందులు. అంటే 7 అడుగులు. గడిల సరిపోతది. 21 చుక్కలు పెడితే 20 సందులు, 10 అడుగులు. గడి దాటిపోతది. తొందరల చాలామంది ఈ లెక్క చూడరు.

15 వరుసలు సూటిగా పెడితే 225 చుక్కలు. సందు చుక్కలు పెడితే నడుమ వరుస 15, రెండు పక్కలా 14, 13 అట్ల తగ్గుకుంటూ 8 దాకా రావాలి. మొత్తం 169. ఒక్క చుక్క తప్పినా మెలిక కలవదు. అందుకే మెలికల ముగ్గుకు చెయ్యి ఒక్కటే చాలదు, లెక్క కూడా రావాలి.

రంగుల సంగతి. అంగడిల పాకెట్లు దొరుకుతయి. కాని కొందరికే కొనిస్తరు. కూలి పైసలు ఉప్పు పప్పుకే సరిపోని ఇండ్లు మనల ఎన్నో ఉన్నవి. పైసలు లేకున్నా రంగులు ఉన్నవి. పసుపు ఉన్నది. పసుపుల తడి సున్నం కలిపితే ఎర్రగా అయితది, ఎందుకంటే సున్నం క్షారం. బొగ్గు దంచితే నలుపు. ఇటుక పెళ్ల దంచితే ఇటుక రంగు. ఎండిన ఆకులు నలిపి జల్లిస్తే ఆకుపచ్చ. బియ్యప్పిండి తెలుపు, అది చీమలకు కూడా తిండి.

ఇగ బహుమతుల సాయంత్రం. నేను ఒక ఊర్ల పోటీ చూసిన. ఒక అక్క తెల్ల పిండితోనే, ఎక్కడా గీత తెగకుండా పెద్ద మెలికల ముగ్గు వేసింది. ఆమెకు ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు. అయిదారు పాకెట్ల రంగు పోసిన ముగ్గుకు మొదటి బహుమతి, స్టీలు బిందె ఇచ్చిండ్రు. ఆ ముగ్గు కూడా బాగనే ఉన్నది. కాని ఎందుకు ఇచ్చిండ్రో మైకుల ఎవ్వరూ చెప్పలే. కారణం చెప్పకపోతే గెలిచినామెకు తన గొప్ప తెలియదు, ఓడినామెకు ఏం నేర్చుకోవాల్నో తెలియదు. ఆ అక్క తరువాతి ఏడాది పోటీకి రాలేదు.

కనుక మన హాస్టల్ పోటీకి నా మనవి ఇది.

1. అందరికీ ఒకే కొలత పిండి, ఒకే కొలత రంగు హాస్టల్ నుంచే ఇయ్యాలి. ఇయ్యలేకపోతే ఇంటి రంగులు తప్ప వేరేవి వాడొద్దు.

2. గడి మీద పేరు వద్దు, నంబరు చాలు.

3. మార్కులు 50. చుక్క, గీత సరిగ్గా ఉంటే 20. సొంత ఆలోచనకు 15. రంగుల కలయికకు 10. శుభ్రంగా, టైముకు ముగిస్తే 5. ఇవి ముందు రోజే బోర్డు మీద రాయాలి.

4. జడ్జీలు ముగ్గు వేసేటప్పుడు కూడా తిరిగి చూడాలి. ముగ్గులు బాగా తెలిసిన ఒక అవ్వను కూడా జడ్జీగా పిలవాలి. ఆమెకు రాయరాకపోతే ఆమె చెప్పిన మార్కు మనం రాసుకుందాం.

5. బహుమతి ఇచ్చేటప్పుడు, ఈ ముగ్గుల ఏది బాగున్నదో రెండు మాటలు చదవాలి.

ముగ్గు తెల్లారితే చెరిగిపోతది. స్టీలు గిన్నె పదేండ్లు ఉంటది. కాని ఆ రెండు మాటలు వేసిన పిల్లకు ఎప్పటికీ యాదికుంటయి. వార్డెన్ మేడం గారు దయచేసి ఈ పద్ధతిని ఈసారి నుంచే పెట్టాలని కోరుతున్నాను. తోటి విద్యార్థినులు మీకు తోచిన మార్పులు ఉంటే కాగితం మీద రాసి ఈ గోడ పత్రిక కిందనే అతికించండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని