ఊపిరితో వంగే అక్షరాలు

గ్రేటర్ నోయిడాలో జగత్ ఫార్మ్ వైపు సాయంత్రం నడిస్తే, కాఫీ షాపుల గోడల మీద గులాబీ, నీలం రంగుల్లో మెలికల అక్షరాలు వెలుగుతుంటాయి. అందరూ వాటిని నియాన్ అనే అంటారు. దాదాపు అన్నీ సిలికోన్ తొడుగులో పెట్టిన ఎల్ఈడీ పట్టీలే. కత్తెరతో కత్తిరించి యాక్రిలిక్ పలక మీద బిగిస్తారు. చవక, కిందపడినా పగలవు. వాటి మీద నాకు కోపం లేదు. కానీ హైదరాబాదులో ఉద్యోగమంతా ప్రయోగశాలలకు గాజు పరికరాలు ఊది, ఇప్పుడు ఇక్కడ కూతురింట్లో ఉంటున్నవాణ్ణి. అసలు నియాన్ సంగతి చెప్పకుండా ఉండలేను.

నియాన్ మనం పీల్చే గాలిలోనే ఉంది, దాదాపు 55 వేల వంతుల్లో ఒక వంతు. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ ద్రవంగా మార్చిన గాలి నుంచి దాన్ని వేరు చేశారు. గాజుగొట్టంలో కొద్దిగా నింపి వేల వోల్టుల కరెంటు పంపితే నారింజ కలిసిన ఎరుపు వస్తుంది. పైన పూసిన రంగు కాదది, ఆ వాయువు రంగే అది. నీలం కావాలంటే ఆర్గాన్‌తో పాటు ఒక చుక్క పాదరసం వేస్తారు. మిగతా రంగులకు గొట్టం లోపల మెరిసే పొడి పూస్తారు.

మా ఊళ్లో ఇండియా ఎక్స్‌పో మార్ట్‌లో 2014 నుంచి 2023 దాకా ఆటో ఎక్స్‌పో జరిగింది కదా, లోకం నియాన్ దీపాన్ని చూసింది కూడా కార్ల ప్రదర్శనలోనే. 1910 డిసెంబరులో పారిస్ మోటార్ షోలో జార్జ్ క్లాడ్ దాదాపు 12 మీటర్ల గొట్టాలు రెండు వెలిగించాడు.

ఇక చేతిపని. అక్షరాన్ని కాగితం మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీస్తారు. గొట్టాన్ని బర్నర్ మంట మీద తిప్పుతూ ఉంటే గాజు మెత్తబడి వేలాడబోతుంది. తీసి కాగితం మీద పెట్టి వంచడానికి కొన్ని క్షణాలే ఉంటాయి. వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది గనక, ఒక చివర బిరడా పెట్టి, రెండో చివరకు తగిలించిన రబ్బరు గొట్టాన్ని నోట కరుచుకుని మెల్లగా ఊదాలి. ఎక్కువ ఊదితే బుడగ, తక్కువ ఊదితే నొక్కు. ఎంత ఊదాలో బుగ్గలకే తెలుస్తుంది, నోటితో చెప్పి నేర్పలేం. తర్వాత చివర్లకు ఎలక్ట్రోడ్లు అతికి, పంపుతో గాలి లాగేస్తూ గట్టి కరెంటు పంపుతారు. గాజు 200 డిగ్రీలు దాటి కాగి, లోపల పట్టుకున్న తేమ, మలినాలు వదిలేస్తుంది. ఈ పనిలో తొందరపడితే వెలుగు కొన్నాళ్లకే మసకబారుతుంది. శ్రద్ధగా చేసిన గొట్టం దశాబ్దాలు వెలుగుతుంది.

దీన్ని కళగా మార్చినవాళ్లలో బ్రూస్ నౌమన్ నాకు ఇష్టం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకప్పటి కిరాణా కొట్టులో ఉంటూ, అక్కడున్న బీరు బోర్డు చూసి, 1967లో తన మాటల్నే నియాన్ సుడిలా తిప్పి కిటికీకి తగిలించాడు.

మన తెలుగు అక్షరం ఈ పనికి ఎంత అనువైనదో ఎవరూ ఆలోచించినట్టు లేదు. గీతలు దాదాపు అన్నీ వంపులే. మంట మీద గాజుకు సూటి మూల కష్టం, గుండ్రం సుఖం. అయితే ఒకే గొట్టంతో మాటంతా రాయాలంటే చిక్కులున్నాయి. 'గంట' అని రాయాలంటే తలకట్టు దాకా వెళ్లి వెనక్కి మళ్లాలి, వెనక నడిచిన భాగానికి నల్లరంగు పూసి దాచాలి. సున్నా మరీ చిక్కు. గొట్టం వలయంగా కలిసిపోతే కరెంటు రెండు దారుల్లో తేలికైన దారినే పోతుంది, రెండో వైపు వెలగదు. అందుకే సున్నాను పూర్తిగా మూయకుండా సన్నటి సందు వదిలి, కొసల్ని వెనక్కి వంచాలి. వత్తులున్న మాటకు ఇంకా నేర్పు కావాలి.

కొన్ని విశ్వవిద్యాలయాల్లో గాజు ఊదే వర్క్‌షాపుల్లో మంట, పంపు, పని తెలిసిన చేతులు ఉన్నాయి. పక్కనున్న లలితకళల శాఖ నుంచి నలుగురు పిల్లల్ని అక్కడికి పంపితే, మొదటి పాఠంగా సున్నా వంచడం నేర్పమంటాను.