మనసు మంచిదైతే చాలా?

(రేడియో ప్రసంగ పాఠం)



ఎన్నికలు దగ్గర పడితే మన గుళ్ళకూ, తెలుగు సంఘం ఉగాది సంబరాలకూ అభ్యర్థులు వస్తుంటారు. చెప్పులు విప్పి లోపలికొస్తారు, చేతులు జోడిస్తారు, పులిహోర రుచి చూస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు కారులో మనం అనుకునే మాట ఒకటే: "మనిషి మంచివాడండీ, మనవాళ్ళంటే అభిమానం." జాతి వివక్ష గురించి అభ్యర్థులు మాట్లాడినప్పుడు కూడా మనం ఇలాగే తూస్తాం. ఈ తూకం ఎంతవరకు సరైనదో చూడటానికి అమెరికాలో జరిగిన ఒక పాత ఎన్నిక గురించి చెబుతాను.

1964లో అధ్యక్ష పదవికి డెమొక్రాట్ లిండన్ జాన్సన్, రిపబ్లికన్ బారీ గోల్డ్‌వాటర్ పోటీపడ్డారు. అప్పటిదాకా నడిచిన తీరు చూస్తే గోల్డ్‌వాటర్‌కే ఎక్కువ మార్కులు పడతాయి. అరిజోనా ఎయిర్ నేషనల్ గార్డ్‌లో నల్లవారినీ తెల్లవారినీ కలిపి చేర్చుకున్నది ఆయనే. 1957 పౌరహక్కుల చట్టానికి ఓటు వేశారు, 1960 చట్టానికి మద్దతు తెలిపారు కూడా. జాన్సన్ సంగతి వేరు. 1937లో కాంగ్రెస్‌కు వచ్చిన దగ్గర్నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అలాంటి బిల్లులకు అడ్డుపడుతూ వచ్చారు. నలుగురి మధ్య నల్లవారి గురించి అనకూడని మాటలు అనేవారు.

అయితే 1964 పౌరహక్కుల బిల్లు వచ్చినప్పుడు ఏమైంది? హోటళ్ళు, ఉద్యోగాల విషయంలో ప్రైవేటు వ్యాపారులను శాసించే అధికారం రాజ్యాంగం ఇవ్వలేదంటూ గోల్డ్‌వాటర్ వ్యతిరేకంగా ఓటు వేశారు. జాన్సన్ దాన్ని పట్టుబట్టి నెగ్గించారు. మరుసటి ఏడు ఓటు హక్కు చట్టం తెచ్చారు. మిసిసిపీలో 1965లో నూటికి ఏడుగురు నల్లవారు కూడా ఓటర్లుగా నమోదై లేరు. 1967 నాటికి ఆ సంఖ్య నూటికి దాదాపు అరవైకి చేరింది.

ఆ 1965లోనే జాన్సన్ వలస చట్టం మీద కూడా సంతకం చేశారు. అంతకుముందు భారతీయులకు ఏడాదికి సుమారు వంద వీసాల కోటా ఉండేది. ఈ రోజు మన పిల్లలు ఇక్కడ చదువుకుంటున్నారంటే ఆ చట్టం చలవే, దాని వెనక నల్లవారు రోడ్డెక్కి చేసిన పోరాటం చలవే.

అయితే చట్టం కాగితం మీద బాగుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ సైనికుల కోసం 1944లో వచ్చిన జి.ఐ. బిల్లులో జాతి ప్రస్తావనే లేదు. అమలు మాత్రం స్థానిక అధికారుల, బ్యాంకుల చేతిలో పెట్టారు. 1947లో మిసిసిపీలోని పదమూడు పట్టణాల్లో ఆ పథకం కింద 3,200కు పైగా రుణాలు ఇస్తే, నల్లవారికి దక్కినవి రెండు.

1986 మాదకద్రవ్యాల చట్టం ఇంకో పాఠం. బస్తీలను కాపాడాలని ఇరు పార్టీలవారూ, కొందరు నల్లజాతి సభ్యులూ కలిసి చేసిందే. 5 గ్రాముల క్రాక్‌కూ, 500 గ్రాముల కొకైన్ పొడికీ ఒకటే శిక్ష, కనీసం అయిదేళ్ళ జైలు. క్రాక్ కేసుల్లో ఎక్కువగా జైలుకు వెళ్ళింది నల్లవారే. ఆ తేడాను తగ్గించడానికి 2010 దాకా పట్టింది. అప్పుడు కూడా తగ్గించారే గాని, పూర్తిగా తీసెయ్యలేదు.

మరి మనసుకు విలువ లేదా? ఉంది. కాకపోతే దాన్ని మాటల్లో వెతక్కూడదు. ఒక పని కోసం మనిషి ఏం వదులుకోవడానికి సిద్ధపడ్డాడో చూడాలి. 1964లో జాన్సన్ దేశమంతటా ఘనంగా గెలిచారు. పౌరహక్కుల చట్టం మీద కోపంతో ఉన్న దక్షిణాది రాష్ట్రాలు అయిదింటిని మాత్రం పోగొట్టుకున్నారు. అయినా మరుసటి ఏడు వెనక్కి తగ్గలేదు.

కాబట్టి ఈసారి అభ్యర్థి మన గుడికొస్తే పులిహోర పెట్టండి, ఫొటో దిగండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. మీరు చెప్పేదానివల్ల ఎవరి జీవితంలో ఏం మారుతుంది? అమలు చేసేది ఎవరు, వాళ్ళను అడిగేది ఎవరు? ఫలితం తేడాగా వస్తే ఎంత త్వరగా సరిదిద్దుతారు?

ఇంటికెళ్ళేటప్పుడు కారులో ఆ జవాబుల గురించి మాట్లాడుకుందాం. వెనక సీట్లో పిల్లలు వింటూనే ఉంటారు.